వత్తుకు చోటు

తాటాకు మీద రాసిన భారతాన్నో భాగవతాన్నో విప్పి చూస్తే మొదట కంటపడేది ఖాళీ లేకపోవడం. ఈ చివర మొదలైన అక్షరాల వరస ఆ చివరిదాకా ఆగకుండా సాగిపోతుంది. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. ఒక పాదం ముగిశాక ఆకులో ఇంకా చోటుంటే రెండో పాదం అక్కడే అందుకుంటుంది. పత్రాలనూ ప్రజెంటేషన్లనూ చక్కగా తీర్చడం నేర్పే పాఠాలు ఇవాళ ప్రపంచమంతటా ఇంచుమించు ఒకే నాలుగు సూత్రాలు చెబుతాయి. సంబంధమున్నవాటిని దగ్గరగా ఉంచాలి, వరస కలపాలి, ఎంచుకున్న పద్ధతిని చివరిదాకా పాటించాలి, ముఖ్యమైనదాన్ని తేడా తెలిసేలా చూపాలి. రాబిన్ విలియమ్స్ అనే అమెరికా రచయిత్రి 1994లో ఈ నాలుగింటినీ డిజైనర్లు కానివాళ్లకు కూడా అర్థమయ్యేలా ఒక చిన్న పుస్తకంగా రాశారు. ఆ లెక్కన చూస్తే తాళపత్రం దాదాపు అన్నిటా తప్పినట్టే. అయినా వందల ఏళ్లపాటు తెలుగువాళ్లు ఆ ఆకుల్లోంచే చదివారు, పురాణం చెప్పారు, శిష్యులకు పాఠం నడిపారు. అది ఎలా కుదిరిందని అడిగితే తెలుగు పుట చరిత్ర ఒక దారిన పడుతుంది. పుటలోని ఖాళీ, వరస, చిన్నాపెద్దా తేడా ఏవీ అలంకారాలు కావు, చదివేవాడు మారినప్పుడల్లా అతని అవసరం కొద్దీ పుట్టుకొచ్చాయి. సూత్రాలు ఎవరివైనా కావచ్చు, కొలతలు మాత్రం మన లిపిలోంచే రావాలి. అలాంటి కొలతలను తెలుగు అచ్చుపని ఒకప్పుడు సంపాదించుకుంది, కంప్యూటరు వచ్చాక వాటిలో చాలావాటిని చేజార్చుకుంది.

తాళపత్రం చదివేవాడికి చెవి తోడుండేది. వృత్తపద్యంలో ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ప్రాస. యతి ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర, చంపకమాలలో పదకొండో అక్షరం దగ్గర, శార్దూలంలో పదమూడో అక్షరం దగ్గర, మత్తేభంలో పద్నాలుగో అక్షరం దగ్గర పడుతుంది. గొంతెత్తి చదివేవాడికి పాదం ఎక్కడ తిరిగిందో కన్ను చెప్పనక్కరలేదు, ప్రాస చెబుతుంది. మాటలు విడదీయడం సంధి తెలిసినవాడికి అలవాటైన పని. చెవికి అందనిది ఒక్కటే: రాబోయేది ఏ పద్యమో ముందుగా తెలియడం. ఆ ఒక్కదానికీ లేఖకులు గుర్తు పెట్టుకున్నారు. ఉత్పలమాలకు ఉ, చంపకమాలకు చ, కందానికి క, సీసానికి సీ, వచనానికి వ. ఒక్క అక్షరంతో చదివేవాడి గొంతు సిద్ధమవుతుంది. శతాబ్దాల కిందట పుట్టిన ఆ గుర్తులను మన అచ్చుపుస్తకాలు ఇప్పటికీ వదల్లేదు. తిరుమలలో దొరికిన అన్నమాచార్యుల రాగిరేకుల్లోనూ కీర్తనకు రాగం పేరు కట్టి ఉంటుంది. పాడేవాడికి ముందు కావలసింది అదే కదా. ఆశ్వాసం చివర వచ్చే గద్యలో కవి తన పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు చెప్పి ముగిస్తాడు. అధ్యాయం ముగిసిందని చెప్పే ఆ గుర్తును సైతం చెవికోసమే పెట్టారు.

ఆకు పొదుపు చేయడానికే ఇలా ఇరికించి రాశారని, దానికి ఇంత తత్త్వం అంటగట్టడం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. పొదుపు నిజమే. ఆకును కోసి, ఉడకబెట్టి, ఎండబెట్టి, నునుపు చేసి, గంటంతో చెక్కి, మసి పూయడం తక్కువ శ్రమ కాదు. కానీ అదే ఆకులో తాడు దూర్చే రంధ్రం చుట్టూ చోటు వదిలారు, తాడు రాపిడికి అక్షరం చెరగకుండా. అంచున ఆకు సంఖ్య వేశారు, తాడు తెగి ఆకులు చెదిరితే మళ్లీ కూర్చుకోవడానికి. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల్లో రేకుల అంచులను కాస్త ఎత్తుగా తీర్చారు, రేకు మీద రేకు రాసుకుని లోపలి అక్షరాలు అరగకుండా. అంటే ఎక్కడ ఖాళీ అవసరమని తోచిందో అక్కడ వెనకాడకుండా ఇచ్చారు. పాదం తర్వాత ఖాళీ అవసరమని వాళ్లకు తోచలేదు, అంతే. తాళపత్రానికి రూపకల్పన లేదనడం తప్పు. అది వినే పద్యానికి తగిన రూపకల్పన.

చెవి తోడులేని పాఠకుడు అచ్చుతోనే వచ్చాడు. తెలుగు మొదట అచ్చయింది తెలుగు దేశంలో కాదు. మద్రాసులో తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలే పట్టణానికి తిరిగి వెళ్లాక, 1746 ప్రాంతంలో అక్కడ చిన్న క్రైస్తవ మత పుస్తకాలను తెలుగు అచ్చు అక్షరాలతో వేయించాడు. శ్రీరాంపూర్‌లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, మద్రాసులో ఏ.డి. క్యాంబెల్ వ్యాకరణం 1816లో వచ్చాయి. ఈ పుస్తకాలు చదివే దొరలకు ప్రాస ఎక్కడ పడుతుందో వినిపించదు, సంధి ఎక్కడ విడుతుందో తెలియదు. వాళ్లకు విభక్తులు పట్టికల్లో కావాలి, క్రియారూపాలు నిలువు వరసల్లో కావాలి, ఉదాహరణకూ వివరణకూ మధ్య ఎడం కావాలి. కడపలో పండితులను కూర్చోబెట్టి ప్రతులు సేకరించి, సరిచూసి, కాగితం మీద తిరగరాయించిన సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో కలిపి అచ్చువేసినప్పుడూ ఇదే జరిగింది. అనువాదం ఏ పద్యానిదో తెలియాలంటే పద్యం విడిగా నిలబడాలి. ఊళ్లో నోటికి వచ్చినవాడికి వేమన పద్యం ఏ వరసలో ఉన్నా ఒకటే. పరాయివాడికి అది వేరుగా కనిపించాలి. తెలుగు పుటలోకి ఖాళీ అందం కోసం రాలేదు, తెలియనివాడి కోసం వచ్చింది. ఈ మాట నేను గట్టిగానే అంటాను, ఎందుకంటే ఆ తర్వాత జరిగినదంతా దీన్నే బలపరుస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి ఆ తెలియనివాడు తెలుగువాడే అయ్యాడు. బళ్లు పెరిగాయి, పరీక్షలు వచ్చాయి, గురువు నోట వినకుండా పుస్తకం చేతపట్టుకుని ఒంటరిగా చదివే విద్యార్థి పుట్టాడు. తొలినాళ్ల అచ్చుకావ్యాలు చాలావరకు తాళపత్రం పోకడనే పోయి పద్యాన్ని వచనంలాగా పొడుగునా కూర్చేవి. 1854లో మద్రాసులో మొదలైన వావిళ్లవారి వంటి ముద్రణాలయాలు ఊపందుకుని, టీకా తాత్పర్యాలతో పుస్తకాలు వెలువడే కొద్దీ పాదానికి ఒక వరస, పద్యం కింద చిన్న అక్షరాల్లో ప్రతిపదార్థం, ఆ కింద తాత్పర్యం అనే అమరిక స్థిరపడింది. ఒకే పుటలో మూడు పాఠాలు, మూడు స్థాయిలు! మూలం ఏది, వివరణ ఏది అన్నది అక్షరాల పరిమాణమే చెబుతుంది. ఈ అమరికలో ఒక చిక్కు కూడా ఉంది. తెలుగు పద్యంలో పాదం చివర మాట ముగిసి తీరాలన్న నియమం లేదు, కాబట్టి పాదానికో వరస వేస్తే మాట మధ్యలో విరుగుతుంది. కంటి సౌకర్యం కోసం మాటను విరవడానికి మన సంపాదకులు ఒప్పుకున్నారు. చెవి నుంచి కంటికి అధికారం మారిందనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

వచనానికైతే ఛందస్సు అండ కూడా లేదు. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చింది. ఆ వచనం గంభీరమైనదే, కానీ సంధి నియమంగా చేయడం వల్ల మాటలు ఒకదానికొకటి అతుక్కుని పుటలో పొడవాటి గొలుసులుగా కనిపిస్తాయి. వీరేశలింగం 1874లో వివేకవర్ధని మొదలుపెట్టాక పత్రిక చదివేవాడికి వార్త చప్పున అర్థం కావలసి వచ్చింది. కామాలు, ఫుల్‌స్టాపులు, ప్రశ్నార్థకాలు, పేరాలు మెల్లగా కుదురుకున్నాయి. తర్వాత గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారిక భాషోద్యమాన్ని మనం ఎప్పుడూ భాష పోరాటంగానే చూస్తాం. అది పుట పోరాటం కూడా. వ్యావహారికంలో సంధి విడదీసి రాయవచ్చు. విడదీసిన ప్రతిచోటా ఒక తెల్లని ఎడం పుడుతుంది, కన్ను అక్కడ ఆగి ఊపిరి తీసుకుంటుంది. గ్రాంథికవాదులు భాష స్వరూపం చెడుతోందని బాధపడ్డారు, ఆ బాధలో నిజాయితీ ఉంది. కానీ కొత్తగా చదువుకున్నవాడికి, పల్లెలో పత్రిక చదివించుకుని వినేవాడికి ఆ ఎడం ఎంత మేలు చేసిందో భాషాచరిత్రలు రాసినవాళ్లు ఎక్కువగా పట్టించుకోలేదు.

ఇక్కడ కొంచెం ఆగి, అచ్చుపని జరిగే బల్ల దగ్గరికి వెళ్లాలి. తెలుగు అక్షరం మూడంతస్తుల ఇల్లు. నడుమ అక్షరం, పైన తలకట్టు, గుడి, ఏత్వం, ఓత్వం, కింద వత్తులు. ‘రాష్ట్రం’ అనే మాటలో ష కింద ట, దాని పక్కన ర, రెండు వత్తులు వేలాడతాయి. ఇంగ్లీషు చిన్నక్షరాల్లో వరస కిందికి దిగేవి నాలుగైదే. తెలుగులో వత్తు లేని వరస అరుదు. ఇంగ్లీషు కేసులో, అంటే అచ్చులు సర్దే అరల పెట్టెలో, పట్టే అచ్చుల కంటే తెలుగు కేసుకు ఎన్నో రెట్లు ఎక్కువ అచ్చులు కావాలి, అచ్చులు కూర్చే కంపోజిటర్ చెయ్యి అంత మేరా తిరగాలి. అయితే సీసపు అచ్చుకు ఒక గుణం ఉంది. అక్షరం ఒక దిమ్మ మీద నిలబడుతుంది, ఆ దిమ్మ ఎత్తులోనే వత్తుకూ గుడికీ చోటు పోత పోసేటప్పుడే కేటాయించి ఉంటుంది. ఎంత పొదుపరి యజమాని అయినా పై వరసలోని వత్తును కింది వరసలోని గుడి మీదికి ఎక్కించలేడు, లోహం ఒప్పుకోదు. దాని మీద వరసకూ వరసకూ మధ్య పలుచని సీసపు రేకులు వేసేవారు. పద్యానికి ఎంత మందం, వచనానికి ఎంత, పిల్లల వాచకానికి ఎంత అన్నది కంపోజిటర్లకూ ఫోర్‌మన్లకూ చేతి అలవాటు. ఎవరూ పుస్తకంలో రాసిపెట్టలేదు, గురువు పక్కన నిలబడి నేర్చుకున్నారు. తర్వాత జరిగిన నష్టానికి మూలం అక్కడే ఉంది.

స్థాయీభేదం చూపడంలోనూ తెలుగు తన దారి తానే వెతుక్కోవలసి వచ్చింది. తెలుగులో పెద్దబడి అక్షరాలు లేవు. వాలు అక్షరాల సంప్రదాయం లేదు, బలవంతాన వాలిస్తే వత్తులు ఒకవైపు, గుడులు మరొకవైపు జరిగి అక్షరం కూలబోతున్నట్టు ఉంటుంది. ఇంగ్లీషు పుట ఈ రెండు సాధనాలతో చేసే పనిని తెలుగు పుట పరిమాణంతో, లావుతో, చుట్టూ వదిలిన చోటుతో చేయాలి. 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా మారిన ఆంధ్రపత్రిక, 1926లో హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో మొదలైన గోలకొండ పత్రిక, శీర్షికకూ ఉపశీర్షికకూ వార్తకూ తేడా చూపడానికి వాడుకోగలిగింది పరిమాణాన్నే. అచ్చు అక్షరాల్లో రకాలు తక్కువ కావడంతో శీర్షికలు చిత్రకారుడి చేతికి వెళ్లాయి. చేత్తో రాసి, బ్లాకు చేయించి, అచ్చులో పెట్టేవారు. 1947లో మొదలైన చందమామలో బొమ్మకూ కథ పేరుకూ పాఠానికీ కుదిరిన పొత్తు ఏ పాఠ్యపుస్తకంలోని సూత్రానికీ తీసిపోదు. బాపు చేతిరాతను తెలుగువాళ్లు దూరం నుంచే గుర్తుపడతారు, ఆ రాత ఇవాళ ఫాంటుగా కూడా వాడుకలో ఉంది. కొత్త అక్షరాన్ని బాపు ఎక్కడినుంచో తెచ్చుకోలేదు, వత్తునూ దీర్ఘాన్నీ తప్పించుకోవలసిన అడ్డంకులుగా చూడక వాటితోనే లయ కట్టారు. అంత పేరున్న చేతులను అలా ఉంచితే, ప్రతి ఇంటికీ వచ్చే శుభలేఖ ఇంకా గొప్ప సాక్ష్యం. పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు, ఆ కింద ఇష్టదైవం, వధూవరుల పేర్లు అన్నిటికంటే పెద్దగా, ముహూర్తం విడిగా, వేదిక విడిగా, ఆహ్వానించేవారు చివర. మూలలకు పసుపు. అక్షరం తడుముకుని చదివేవాడు కూడా తనకు కావలసిన తేదీ ఎక్కడుంటుందో వెతుక్కోడు. రూపకల్పన సూత్రాలు మనవాళ్లకు కొత్తగా నేర్పాలనుకునేవాళ్లు ముందు ఒక పాత శుభలేఖ చూడాలి.

కంప్యూటరు వచ్చి ఈ పనిని ఊరూరికీ తెచ్చింది, ఆ మేలును తక్కువ చేయలేం. 1985లో వచ్చిన పేజ్‌మేకర్‌తో డీటీపీ మొదలైంది, తెలుగులో అను వంటి ఫాంట్లతో అచ్చుపనంతా అందులోకి మారింది. కానీ ఆ సాఫ్ట్‌వేరు వరసల ఎడానికి తనంతట తాను ఇచ్చే కొలత అక్షర పరిమాణానికి నూట ఇరవై శాతం, పది పాయింట్ల అక్షరానికి పన్నెండు పాయింట్ల వరస. అది లాటిన్ లిపి కొలత. దిమ్మ లేదు కాబట్టి వద్దనేవారు లేరు. పుటలు తగ్గించాలని ఇంకాస్త బిగిస్తే వత్తు వెళ్లి గుడి మీద కూర్చుంది. యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరింది, విండోస్‌తో గౌతమి వచ్చింది, తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను అందరికీ ఇచ్చారు, ఆ తర్వాత సిలికానాంధ్ర చొరవతో పెద్దన, తిమ్మన, గిడుగు, గురజాడ, మండలి వంటివి ఉచితంగా అందాయి. ఇది చిన్న సంపద కాదు. అయితే ఒక్కో ఫాంటు ఒక్కో ఎత్తు పట్టుకుని వచ్చింది. గౌతమిలో అక్షరం చిన్నది, వరస ఎడం పెద్దది. ఇంగ్లీషు ఫాంటు పక్కన పెడితే తెలుగు నలిగినట్టు కనిపిస్తుంది, తెలుగును పెంచితే వరసలు చెదురుతాయి. ఇంగ్లీషు కొలతకు గీసిన పెట్టెలో తెలుగు శీర్షిక పోస్తే కింది వత్తులు తెగిపోతాయి. ఆ తెగిన వత్తులతోనే ఫారాలు, బోర్డులు, స్లైడ్లు జనం ముందుకు వస్తున్నాయి. స్లైడులో ఒకే వాక్యాన్ని లావు చేసి, వాల్చి, కింద గీత గీసి, రంగు మార్చి పెడతారు. ఆ గీత సరిగ్గా వత్తుల మీదుగా పోతుంది.

పాత లెటర్‌ప్రెస్ పుస్తకాలేమంత అందంగా ఉండేవని అడిగేవాళ్లు ఉన్నారు. అరిగిన అచ్చులు, నాసిరకం న్యూస్‌ప్రింటు, అలుక్కుపోయిన సిరా, ఇవన్నీ నిజం, వాటి కోసం నాకే బెంగా లేదు. నేను మెచ్చుకుంటున్నది అందాన్ని కాదు, వత్తుకు చోటు కల్పించిన ఆ పద్ధతిని. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. కంటి స్వభావం మనుషులందరికీ ఒకటే, దగ్గరగా ఉన్నవాటిని ఒక గుంపుగా చూడటం తెలుగు కంటికీ జర్మన్ కంటికీ సమానమే, మరి మన సూత్రాలు వేరేమిటి? వేరని నేను అనడం లేదు. సామీప్యం సూత్రాన్నే తీసుకుంటే, తెలుగులో అది నెగ్గాలంటే పేరాల మధ్య ఎడం వరసల మధ్య ఎడం కంటే స్పష్టంగా ఎక్కువుండాలి. వరసల ఎడమే లాటిన్ కంటే పెద్దది కనుక పేరాల ఎడం ఇంకా పెద్దది కావాలి. సూత్రం మారలేదు, అంకె మారింది. జర్మన్ ముద్రణకళాకారుడు జాన్ చికోల్డ్ 1928లో కొత్త ముద్రణకళ గురించి రాసినప్పుడు తన ఎదుట ఉన్న లాటిన్ అక్షరాన్నీ జర్మన్ అచ్చుయంత్రాన్నీ చూసే రాశాడు. మనం ఆయన ఫలితాలను కాదు, ఆయన చూసిన తీరును తెచ్చుకోవాలి. ఇక కాగితం ఖరీదు. తెలుగు పుస్తకం కొనేవాళ్లు తక్కువ, పుటలు పెరిగితే ధర పెరుగుతుంది, ప్రచురణకర్త గోడు కాదనలేనిది. కానీ బిగించిన పుట చదవకుండా మూసేసిన పుస్తకం అవుతుంది, అప్పుడు ఆ కాగితమంతా దండగే. అంచు చుట్టూ పూలతీగలు, ప్రతి పుటలో వేసే బొమ్మల చట్రం తీసేస్తే వరసకు కావలసిన చోటు చాలావరకు అక్కడే దొరుకుతుంది. తెర మీద చూపే స్లైడుకు కాగితం ఖర్చన్న సాకు కూడా లేదు. చోటు చాలకపోతే మాటలు తగ్గించాలి, లేదా ఇంకో స్లైడు వేయాలి.

చేయవలసిన పని పెద్దది కాదు. ఏ ఫాంటు వాడినా పై వరసలో ‘రాష్ట్రం’, దాని కిందనే ‘కీర్తి’ వచ్చేలా పెట్టి చూడండి. పై వత్తులకూ కింది గుడిదీర్ఘానికీ మధ్య తెలుపు కనబడేదాకా ఎడం పెంచి, ఆ అంకెను ఆ ఫాంటుకు కొలతగా రాసుకోండి. చాలా ఫాంట్లకు అది నూట ఇరవై దగ్గర ఆగదు, నూట నలభైకీ నూట అరవైకీ మధ్య తేలుతుంది. తెలుగును వాల్చవద్దు, అక్షరాల మధ్య ఎడం సాగదీయవద్దు, వాక్యం కింద గీత గీయవద్దు. పత్రం మొత్తానికీ రెండు పరిమాణాలు, రెండు లావులు చాలు. ఈ లెక్కలను ఒక చిన్న పుస్తకంగా కూర్చి డీటీపీ శిక్షణ కేంద్రాలకూ ప్రభుత్వ కార్యాలయాలకూ బళ్లకూ ఉచితంగా ఇచ్చే పనిని తెలుగు విశ్వవిద్యాలయమో, రెండు రాష్ట్రాల భాషాసాంస్కృతిక శాఖలో తలకెత్తుకోవాలి. దానికంటే ముందు, సీసపు అచ్చులతో పద్యకావ్యాలు కూర్చిన కంపోజిటర్లు మన ఊళ్లలో ఇంకా కొందరున్నారు. వాళ్లంతా వయసు మళ్లినవాళ్లు. పద్యానికీ వచనానికీ వాచకానికీ ఏ మందం రేకు వేసేవారో వాళ్లను అడిగి రాసిపెట్టడం ఈ కొద్ది ఏళ్లలోనే జరగాలి.